మిణుగురు సాక్ష్యము



వానకాలపు తొలిరాత్రులలో మా మంథని తోటలయందు మిణుగురులు మెఱయుచుండును. పిల్లలు వానిని దోసిట బట్టి ఆడుకొందురు. ఆ చిన్ని వెలుగునే శాస్త్రజ్ఞులు సాక్షిగా నిలిపి, కంటికి గానరాని యొక పనిని కొలుచుచున్నారు. ఆ సంగతియే నేటి నా ప్రసంగము.

మన దేహమున ఇంచుమించు ప్రతి జీవకణమును ఒక గ్రంథాలయము వంటిది. అందలి డి.ఎన్.ఏ. మూలగ్రంథము. దేహమునకు వలయు మాంసకృత్తులను జేయు విధానము లందే వ్రాయబడియున్నవి. కణము మూలమును కదలింపదు. కావలసిన పత్రమునకు మాత్రము ప్రతి తీసికొనును. దీనికే అనులేఖనమని పేరు. ఏ పత్రమునకు ప్రతి తీయవలెనో నిర్ణయించు మాంసకృత్తులు కొన్ని కలవు. అవి అనులేఖన కారకములు. అవి డి.ఎన్.ఏ.పై తమకు గుఱుతైన చోట కూర్చుండి వ్రాత మొదలు పెట్టించును, లేదా ఆపించును.

ఇందొక చిక్కు కలదు. కారకము కణములో నున్నంతమాత్రమున పని చేయుచున్నదని చెప్పరాదు. పి53 అను కారకము కావలివాని వంటిది, డి.ఎన్.ఏ. చెడినపుడు కణము విభజన చెందకుండ నాపును. మనుష్యులకు వచ్చు క్యాన్సరులలో ఇంచుమించు సగమునందు దీని జన్యువు చెడియుండును. విచిత్రమేమనగా, చెడిన పి53 పెక్కుచోట్ల కరగిపోక కణములో కుప్పగా జేరును. లెక్కించిన కావలివారు నిండుగా నున్నట్లే తోచును. కావలి మాత్రము సున్న.

కావున ఉనికిని గాక పనిని కొలువవలెను. మిణుగురునకు వెలుగునిచ్చు లూసిఫెరేజ్ అను మాంసకృత్తు జన్యువును 1985లో అమెరికాలో వేఱుచేసిరి. కారకము కూర్చుండు చోటును ఆ జన్యువునకు ముందతికి కణములో ప్రవేశపెట్టుదురు. కారకము పని చేసినచో లూసిఫెరేజ్ తయారగును. పిమ్మట లూసిఫెరిన్ అను పదార్థమును జేర్చగా వెలుగు పుట్టును. పని హెచ్చిన వెలుగు హెచ్చును. దానిని యంత్రముతో కొలుతురు.

ఆ దీపమునకు నూనె ఏ.టి.పి. అను పదార్థము. దానిని 1929లో కనుగొన్నవారిలో, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. మిణుగురు వెలుగునకు ఏ.టి.పి. కావలెనని 1947లో మెకెల్రాయ్ చూపెను.

అయినను ఒక్క సాక్షి చాలదు. కణములు నీరసించినను, జన్యువు సరిగా లోనికి జొరకున్నను వెలుగు తగ్గును. అందుచే రెనిల్లా అను సముద్రజీవి యొక్క వెలుగు జన్యువును, ఆ కారకముతో నిమిత్తము లేకుండ వెలుగునట్లు, రెండవ దీపముగా బెట్టుదురు. రెండును తగ్గినచో లోపము కణములది; మొదటిదే తగ్గినచో కారకము పని తగ్గినది.

ఈ సంగతి చదివినపుడు నాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. పాఠ మొప్పజెప్పలేదని వానిని మందమతి యని నిర్ణయించితిని. వాడు ఆకలితో బడికి వచ్చుచుండెనని ఏడాది పిమ్మట తెలిసినది. నేను రెండవ దీపమును చూడలేదు. అయ్యలారా! మీ యింటి పిల్లవాని వెలుగు తగ్గినట్లు తోచినపుడు, తీర్పు చెప్పుటకు ముందు ఆ రెండవ దీపమును చూడుడు. సెలవు.