తాళంచెవి ఎవరి దగ్గర?

ఇంజినీరింగ్ కాలేజీల్లో క్లబ్బుల గురించి మాట్లాడమన్నారు. రోబోటిక్స్, కోడింగ్, నాటకం, ఫొటోగ్రఫీ, ఎన్ఎస్ఎస్... ఏ కాలేజీ బ్రోచరు తెరిచినా ఈ పేర్లు రంగుల బొమ్మలతో కనిపిస్తాయి. అడ్మిషన్ల కాలంలో చూసి ముచ్చటపడతాం, క్లాసులు మొదలయ్యాక మరిచిపోతాం. చదువుకు ఇవి నగల్లాంటివి, ఉంటే అందం, లేకపోతే నష్టమేమీ లేదు అనుకుంటాం. నా అభిప్రాయం వేరు. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదువులో విద్యార్థి ఒక పనికి తానే సొంతదారుగా నిలబడి, అది చెడితే తానే జవాబు చెప్పుకునే చోటు దాదాపు క్లబ్బు ఒక్కటే. అయితే బోర్డు కట్టిన ప్రతిదీ క్లబ్బు కాదు. ఏది అసలు, ఏది బోర్డు మాత్రమే అని తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ముందు క్లాసులో ఏం జరుగుతుందో చూద్దాం. బీటెక్‌కు 160 క్రెడిట్లు చాలని అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నమూనా పాఠ్యప్రణాళికలో చెప్పింది. కాకినాడ జేఎన్‌టీయూ 2020 రెగ్యులేషన్‌లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఆ 70కి ఐదు యూనిట్లు, యూనిట్‌కు 14 మార్కులు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వేలమందిని ఒకే కొలతతో కొలవాలంటే ఇలాంటిదేదో ఉండాల్సిందే. కానీ ఈ కొలతకు అందేది ఏమిటి? ఒక మనిషి ఒంటరిగా కూర్చుని, జవాబు ముందే ఉన్న ప్రశ్నకు మూడు గంటల్లో రాసేది. ల్యాబులో పరికరాలు ముందే బల్ల మీద అమర్చి ఉంటాయి, రావాల్సిన రీడింగు సీనియర్ల రికార్డులో ఉంటుంది. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిస్తే రిపోర్టుతో సహా చేతికిచ్చే దుకాణాలున్నాయని అందరికీ తెలుసు. ఉద్యోగంలో చేరాక ఎదురయ్యేది దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ప్రశ్న ఏమిటో కూడా ముందు తెలియదు. పది మందితో పని. సామాను సమయానికి రాదు. తప్పు జరిగితే పేరు పెట్టి అడుగుతారు.

మన కళ్ల ముందున్న ఉదాహరణే తీసుకుందాం. సోలార్ డ్రయ్యర్ పనిచేసే తీరు పటంతో వివరించమంటే బాగా చదివే పిల్ల రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకుంటుంది. అదే పిల్లను ఫిబ్రవరిలో మన అద్దంకి పక్క గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక మిరప కల్లంలో నిలబెట్టండి. కోసిన పండుకాయ పది పదిహేను రోజులు ఎండాలి. మంచు పడకుండా సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పుతారు, పొద్దెక్కాక మళ్లీ పరుస్తారు. తేమ పది పదకొండు శాతానికి దిగకుండా టిక్కీకి, అంటే బస్తాకు, ఎత్తితే బూజు పడుతుంది. మరీ ఎండితే తొక్కేటప్పుడు కాయ చిట్లి గింజ రాలుతుంది. మధ్యలో ఒక్క వాన పడిందా, రంగు పోయిన కాయ తాలు కింద లెక్క, మిర్చి యార్డులో దాని ధర వేరు. ఇక్కడ డ్రయ్యర్ పెట్టాలంటే పుస్తకంలో లేని ప్రశ్నలు వరసగా వస్తాయి. ఎకరం కాయకు ఎన్ని ట్రేలు? వాటిని ఎత్తి దించే ఆడకూలీల చేతికి ఆ ఎత్తు అందుతుందా? ఏ వేడి దగ్గర కాయ రంగు మాడుతుంది? రెండు నెలలు వాడే సామాను మిగతా పది నెలలు ఎక్కడ పెట్టాలి? వీటి జవాబు ఏ ఒక్క సబ్జెక్టులోనూ లేదు. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ చదివేవాళ్లు, ఖర్చు లెక్క రాసేవాళ్లు, రైతు దగ్గర కూర్చుని ఓపిగ్గా వినగలిగినవాళ్లు కలవాలి. వేర్వేరు బ్రాంచీలు ఒకే బల్ల చుట్టూ చేరే పీరియడు టైమ్‌టేబుల్లో లేదు. అది క్లబ్బులోనే దొరుకుతుంది.

బొమ్మ రైళ్లు నడుపుకునే క్లబ్బు ఒకటి ఎంత దూరం వెళ్లిందో చూడండి. అమెరికాలోని ఎంఐటీలో 1946లో విద్యార్థులు టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పెట్టుకున్నారు. కొందరికి బల్ల మీది కొండలు, స్టేషన్లు, పెట్టెల రంగులంటే ఇష్టం. ఇంకొందరు బల్ల కింద దూరి, టెలిఫోన్ ఎక్స్ఛేంజి రిలేలతో ఏ బండి ఏ పట్టా మీదికి మళ్లాలో తేల్చేవాళ్లు. ఆ బల్ల కిందివాళ్లే తర్వాత కంప్యూటర్ల దగ్గరికి చేరారు. యంత్రాన్ని విప్పి లోతు తెలుసుకునేవాడు అనే అర్థంలో హ్యాకర్ అన్న మాట ఆ గదిలోంచే పైకొచ్చింది. తొలితరం కంప్యూటర్ ఆటల్లో పేరుమోసిన స్పేస్‌వార్‌ను 1962లో తయారుచేసింది ఆ చుట్టుపక్కలవాళ్లే. ఆ క్లబ్బులో ఒక నియమం ఉండేది. 40 గంటలు పనిచేసినవాళ్ల చేతికి గది తాళంచెవి ఇచ్చేవాళ్లు. ఆ కష్టానికి మార్కుల్లేవు, సర్టిఫికెట్టు లేదు. చెవి ఉన్నవాడు అర్ధరాత్రయినా తలుపు తీసుకుని పని చేసుకోవచ్చు. తెల్లారి తీగ తెగి ఉంటే అది ఎవరి పనో కూడా వాడే చెప్పాలి. హక్కు, బాధ్యత రెండూ ఒకే చెవితో చేతికొస్తాయి.

అది ఎంఐటీ, మన సంగతి వేరు అంటారా? శ్రీహరికోట మనకు దూరమేమీ కాదు. 2010 జూలై 12న అక్కడి నుంచి పీఎస్ఎల్‌వీ-సీ15 మోసుకెళ్లిన వాటిలో కిలో బరువైనా లేని స్టూడ్‌శాట్ అనే ఉపగ్రహం ఉంది. కట్టినవాళ్లు ఏడు ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు, బెంగళూరువి నాలుగు, హైదరాబాదువి మూడు. ఇస్రో దారి చూపింది, చెయ్యి మాత్రం పిల్లలదే. ఉపగ్రహం కట్టి తీరాలని ఏ సెమిస్టరు సిలబస్ అడగలేదు. ఇలాంటి పెద్ద పనులు ఒక బ్యాచ్‌తో తెమలవు. నాలుగో ఏడాదివాళ్లు వెళ్లిపోతారు, రెండో ఏడాదివాళ్లు అందుకోవాలి. ఏ భాగం ఎందుకు మార్చారు, ఏ పరీక్ష ఎక్కడ తప్పింది, ఎవరికెంత బాకీ అన్నవి రాసిపెట్టకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. రాసిపెట్టడం విలువ అద్దంకివారికి ఒకరు చెప్పనక్కర్లేదు. 848 ప్రాంతంలో సేనాని పండరంగని విజయాన్ని తరువోజ పద్యంలో కట్టి అద్దంకి శాసనంగా రాతి మీద చెక్కించారు గనకే, నన్నయకు రెండు శతాబ్దాల ముందే తెలుగు పద్యం ఉందని ఇవాళ ధీమాగా చెబుతున్నాం. క్లబ్బుకు రిజిస్టరు అలాంటిది. ఫెస్టు ఎంత ఘనంగా జరిగిందో ఫొటోలు చూపిస్తాయి, క్లబ్బు బతికుందో లేదో రిజిస్టరు చెబుతుంది.

ఈ పద్ధతి మనకు పరాయిది కూడా కాదు. వేటపాలెంలో 1918లో హిందూ యువజన సంఘం కుర్రవాళ్లు ఒక గ్రంథాలయం మొదలుపెట్టారు. అదే సారస్వత నికేతనం. 1929లో గాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రిక ఒక్క సంచిక కావాలన్నా పరిశోధకులు ఇవాళ్టికీ అక్కడికే వెళ్తారు. ఇక నాటకం సంగతి. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. పరిషత్తు నాటకాన్ని గుంటూరు, ప్రకాశం ఊళ్లలో ఇన్నాళ్లు మోసింది పగలు పొలం, బడి, ఆఫీసు చూసుకుని రాత్రి రిహార్సలుకు వచ్చినవాళ్లే. పోటీలో ఇచ్చిన సమయానికి తెర లేవాలి, చెప్పిన నిమిషాల్లో సెట్టు వేసి తీయాలి. న్యాయనిర్ణేతలు ఎదురుగానే ఉంటారు, లైటు వెలగలేదంటే సాకు చెల్లదు. పనిని పంచుకోవడం, గడువుకు కట్టుబడటం ఇంతకంటే గట్టిగా ఏ పాఠం నేర్పుతుంది?

ఇక అభ్యంతరాలు. తల్లిదండ్రుల మొదటి మాట, చదువు పాడవుతుందని. 75 శాతం హాజరు నిబంధన ఉంది, సప్లీలు మిగిలితే ప్లేస్‌మెంట్ల దగ్గర తలుపు మూసుకుంటుంది. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ విద్యార్థి కాలాన్ని తినేది ఏదో విడదీసి చూడాలి. వారానికి రెండు మూడు గంటల క్లబ్బు పని ఎవరినీ ఫెయిల్ చేయదు. ఫెయిల్ చేసేది ఫెస్టుకు ముందు మూడు వారాలు క్లాసులు మాని స్పాన్సర్ల కోసం తిరగడం. కాబట్టి ఫెస్టును కుదించండి, క్లబ్బును నడవనివ్వండి, పరీక్షల నెలలో గది మూసేయండి. ఒకే విద్యార్థి నాలుగు క్లబ్బుల్లో పదవులు మోయకుండా నియమం పెట్టండి.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైంది. క్లబ్బులు ఇంగ్లిషు దంచేవాళ్లకు, హాస్టల్లో ఉండేవాళ్లకు, జేబులో డబ్బున్నవాళ్లకే తప్ప పల్లెటూరి పిల్లలకు కావని. ఇది చాలామేరకు నిజం. పొద్దున్నే కాలేజీ బస్సెక్కి ఒంగోలుకో, బాపట్లకో, నరసరావుపేటకో వెళ్లే పిల్లకు సాయంత్రం మళ్లీ అదే బస్సు దిక్కు. క్లబ్బు మొదలయ్యే వేళకు బస్సు కదులుతుంది. ఆడపిల్లకైతే హాస్టల్లో ఉన్నా గేటు ముందే మూస్తారు. ఇక్కడ లోపం క్లబ్బుది కాదు, వేళది. వారంలో ఒక మధ్యాహ్నం టైమ్‌టేబుల్లోనే క్లబ్బుకు వదిలితే సగం చిక్కు తీరుతుంది. భాష చిక్కు కూడా తీరనిది కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ చుట్టూ చేరిన ఇంజినీరింగ్ విద్యార్థులు కాలేజీల్లో లైనక్స్ యూజర్ గ్రూపులు నడిపారు, కంప్యూటర్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో దిగారు. అలాంటి చోట తెలుగు మీడియంలో చదివిన కుర్రాడు వెనక బెంచీలో కూర్చోడు, పని అతని దగ్గరికే వస్తుంది.

మూడో వాదన మంచివాళ్లు చేసేది. క్లబ్బు పనికీ మార్కులిస్తే అందరూ చేరతారు కదా అని. 1969లో గాంధీ శతజయంతి సంవత్సరంలో మొదలైన జాతీయ సేవా పథకానికి (ఎన్ఎస్ఎస్‌కు) రెండేళ్లలో 240 గంటల లెక్క ఉంది. సాంకేతిక విద్యామండలి బీటెక్ విద్యార్థికి 100 యాక్టివిటీ పాయింట్లు పెట్టింది. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ పాయింటు పుట్టిన చోట పాయింటు కోసమే పని పుడుతుంది. మొక్క నాటిన ఫొటో చాలు, మొక్కకు నీళ్లు ఎవరు పోశారని అడిగేవాళ్లుండరు. గంటలు లెక్కపెట్టడం తప్పదనుకుంటే, ఆ గంటలకు బదులుగా తాళంచెవి ఇవ్వండి. ఫలానా కుర్రాడు 40 గంటలు పనిచేశాడు, ఇక వర్క్‌షాపు సామాను ముట్టుకునే అర్హత అతనికి ఉంది అనండి. అలా వచ్చిన అర్హతను నకిలీ చేయడం కష్టం, ఎందుకంటే మర్నాడే డ్రిల్లింగ్ మిషన్ దగ్గర బయటపడుతుంది.

గదీ చెవీ పిల్లలకిస్తే గొడవలొస్తాయి, కులాల గుంపులు కడతారు, ర్యాగింగు పెరుగుతుంది అనే భయమూ ఉంది. గుంపులు క్లబ్బులు లేనప్పుడూ ఉన్నాయి. ర్యాగింగు మీద రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. చట్టం చెయ్యకూడనిది చెబుతుంది, సీనియరూ జూనియరూ కలిసి చేయదగ్గది ఏమిటో చెప్పదు. టంకం పెట్టడం రాని మొదటి ఏడాది పిల్లవాడి పక్కన మూడో ఏడాదివాడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుంటే ఆ బంధుత్వం వేరు. డబ్బు లెక్క నెలనెలా గోడ మీద అంటించాలి, పదవి ఏడాదికి మించకూడదు, సలహాదారైన అధ్యాపకుడు రిజిస్టరు చూడాలి తప్ప పని తానే చేయకూడదు. ఈ మూడూ ఉంటే గొడవలకు చోటు తగ్గుతుంది.

చివరిగా అద్దంకి పెద్దలకు ఒక విన్నపం. సాయంత్రం కాలేజీ నుంచి బయల్దేరిన బస్సు మన ఊరికే వస్తుంది కదా. క్లబ్బు దగ్గరికి పిల్లలు ఆగలేకపోతే, క్లబ్బునే బస్సు దిగే చోటుకు తెద్దాం. వేర్వేరు కాలేజీల్లో చదివే మన పిల్లలు ఆదివారం కలుసుకోవడానికి ఊళ్లో ఒక గది ఇప్పించండి. రెండు బల్లలు, ఒక టూల్ బాక్సు, ఒక రిజిస్టరు చాలు. మొదటి పనిగా కల్లంలో తడిసిన మిరపకాయ సంగతి చూడమని చెప్పండి. వాళ్లు చేసిన మొదటి డ్రయ్యర్ కాయను మాడ్చొచ్చు. మాడిన సంగతి రిజిస్టరులో రాస్తే అది కూడా చదువే. తాళంచెవి మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి, వాళ్లకివ్వండి.