జీతం, బత్తెం, దారి: సరిహద్దు సేనల లెక్క



ఫలానా రాజు దగ్గర ఇన్ని లక్షల సైన్యం ఉండేదని పుస్తకంలో కనిపిస్తే, వాళ్లందరికీ అన్నం ఎక్కడినుంచి వచ్చిందని ముందు అడగమనేవారు మా మాస్టారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మలి రోమన్ సామ్రాజ్యపు సేన ఎంత? డయొక్లీషియన్ చక్రవర్తి (284–305) కాలంలో పదాతులూ రౌతులూ 3,89,704 మంది, నౌకాదళంలో 45,562 మంది అని 6వ శతాబ్దపు జాన్ లిడస్ రాశాడు. అదే శతాబ్దంలో అగాథియస్ పూర్వపు సేన 6,45,000 అన్నాడు. రెంటికీ రెండు లక్షలు దాటిన తేడా. 'నోటీషియా డిగ్నిటాటమ్' అనే పదవుల జాబితా ఏ దళం ఎక్కడ ఉందో చెబుతుంది గాని, అందులో ఎందరున్నారో చెప్పదు.

ఇక్కడ చరిత్రకారులను ఆదుకున్నది జీతబత్తాల చిట్టా. ఈజిప్టులోని పనోపొలిస్‌కు చెందిన, 300 ప్రాంతపు పపైరస్ చుట్టల్లో సైనికులకు ఇవ్వాల్సిన సొమ్ము, ధాన్యం పద్దులున్నాయి. ఆ మొత్తాలను తలసరి వాటాతో భాగించి చూశారు. ఒకప్పుడు ఐదువేల మంది ఉండే లెజియన్ అనే దళం చోట అంతకంటే చాలా చిన్న దళాలు తేలాయి. పేరు పెద్దదే, పంక్తి చిన్నది.

ఆ సేనను రెండుగా పంచారు. సరిహద్దు కోటల్లో భార్యాబిడ్డలతో కాపురముంటూ కాపలా కాసేవారు లిమిటానీలు. లోపల నిలిచి, ఆపద వచ్చిన వైపుకు కదిలేవారు కొమిటాటెన్సీలు. పెద్ద దండు వచ్చేదాకా సరిహద్దు సేన నిలవాలి. అందుకు దారి తెరిచి ఉండాలి, గాదెలో గింజలుండాలి.

ఆ సరిహద్దు జీవితం ఎలాంటిదో తెలియడానికి ఒక్క ఉత్తరం చాలు. 340ల్లో ఈజిప్టులోని డయొనీసియాస్ కోటకు అబినేయస్ అధికారి. ఒక పల్లె క్రైస్తవ గురువు ఆయనకు జాబు రాశాడు. కొలువు విడిచి పారిపోయిన పౌలు అనే సైనికుణ్ని ఈ ఒక్కసారికి క్షమించమని బతిమాలాడు. లక్షల లెక్కలో పౌలు ఒక తల. ఆ పల్లెకు తెలిసిన మనిషి.

ఇక మన అండమాన్ ఒడ్డుకు వద్దాం. 1942లో పోర్ట్‌బ్లెయిర్‌ను కాచినది 300 మంది సిక్కు మిలిటరీ పోలీసులు, 23 మంది బ్రిటిష్ అధికారులు. జనవరిలో ఒక గూర్ఖా దళం తోడైంది. మార్చి 8న రంగూన్ పడిపోయింది. తోడు వచ్చే దారి మూసుకుపోయింది. మార్చి 10న గూర్ఖాలను వెనక్కి పిలిచారు. 23న జపాన్ సేన దిగినప్పుడు ఎదురు నిలిచిన వారు లేరు. గూర్ఖా దళం వెళ్లిపోగలిగింది, జనం వెళ్లలేకపోయారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో జపాన్ సేన 44 మంది పౌరులను కాల్చి చంపింది.

జపాన్ సేన కట్టిన కాంక్రీటు బంకర్లు కార్బిన్స్ కోవ్ దారిలో నేటికీ ఉన్నాయి. మనిషి వంగి దూరాల్సినంత కురచ గది, సముద్రం వైపు తుపాకీ పెట్టేందుకు సన్నని సందు. ఆ సందులోంచి ఎదురుచూసిన పెద్ద దాడి రానేలేదు. సముద్రపు దారి తెగిపోవడంతో వచ్చింది ఆకలి. 1945 ఆగస్టులో, తిండి దండగ అనుకున్న వందలాది పౌరులను ఓడలెక్కించి హావ్‌లాక్ దగ్గర సముద్రంలోకి తోసేశారు. బతికి బయటపడింది కొందరే. బత్తెం చాలని సేన తన పక్కనున్న జనాన్ని ఏం చేస్తుందో ఈ దీవులు చూశాయి. అక్టోబరులో అదే పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ సేన లొంగిపోయింది.

స్వతంత్ర భారతం ఆ పాఠాన్ని మరో తీరుగా చదువుకుంది. 2001లో త్రివిధ దళాలకూ కలిపి దేశంలోనే మొదటి ఉమ్మడి కమాండ్‌ను ఇక్కడ నెలకొల్పింది. 2012లో క్యాంప్‌బెల్ బేలో ఐఎన్ఎస్ బాజ్, 2019లో డిగ్లీపూర్ వైపు ఐఎన్ఎస్ కొహాసా అనే నౌకాదళ విమాన స్థావరాలు వచ్చాయి. దీవుల రెండు కొసల్లోనూ రన్‌వేలు ఉండడమంటే దారిని ముందే పరిచి పెట్టుకోవడం. 2004 డిసెంబరు 26 సునామీ కార్ నికోబార్ వైమానిక స్థావరాన్ని ముంచినప్పుడు సిబ్బందితో పాటు వారి ఇంటివాళ్లూ పోయారు. సరిహద్దు సేన అంటే నేటికీ కాపురాలతో కూడిన ఊరే.

కనుక సేనను తలలతో మాత్రమే లెక్కపెట్టకండి. బత్తెం ఎన్నాళ్లకుంది, తోడు ఎన్నాళ్లకొస్తుంది, వెనక ఎందరు జనం ఉన్నారు? ఈ మూడూ కలిస్తేనే బలం. మూడోది మరిచిన ఏ లెక్కైనా తప్పే.

విద్యార్థులకు ఒక్క మాట. జపాన్ ఆక్రమణలో గడిచిన ఆ మూడున్నరేళ్ల కథలు విని పెరిగిన తాతలు, అమ్మమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో రకరకాల జ్ఞాపకాలున్నాయి. పపైరస్ మీద పౌలు పేరు నిలిచింది. మన వాళ్ల పేర్లు మీ నోటుపుస్తకాల్లో నిలవాలి. ఇంటికి వెళ్లగానే పెద్దల పక్కన కూర్చుని రాసుకోండి.