మన ఊరి వాన లెక్క
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నన్ను పాత జ్ఞాపకాలు చెప్పమన్నారు. గోడ దూకడం, జీడితోటల్లో దొంగతనాలు, బెత్తం దెబ్బలు అన్నీ నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నాకు మిగిలింది ఒకే ఒక్క పాఠం. అదే చెప్పి దిగిపోతాను.

తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు జపాన్ పాఠం చెబుతున్నారు. పుస్తకంలో టోక్యో, ఒసాకా ఉన్నాయి. ఆయన అట్లాసు తెరిచి, సముద్రం ఒడ్డున లేని ఊరు ఒకటి చూపించమన్నారు. ఒకడు వేలు పెట్టిన చోట కోఫు అని ఉంది. "అక్కడ వాన ఎలా పడుతుందో, ఎండ ఎలా కాస్తుందో మ్యాపు చూసి చెప్పండిరా" అన్నారు. చుట్టూ కొండలున్నాయి గనక వేసవిలో వేడి ఎక్కువుంటుందని, చలికాలంలో చలీ ఎక్కువేనని మొత్తానికి రాబట్టాం. మాస్టారు సంతోషించారు. తర్వాత అడిగారు: "సరే, పలాస చెప్పండి."

తరగతిలో ఒక్కడూ లేవలేదు.

కోఫు గురించి తర్వాత నేను తీరిగ్గా చదువుకున్నాను. యమనాషి అనే రాష్ట్రానికి అది ముఖ్య పట్టణం. జనాభా సుమారు లక్షా తొంభై వేలు. పళ్లెంలాంటి లోయలో ఉంటుంది. దక్షిణాన ఫ్యూజీ శిఖరం కనిపిస్తుంది. సముద్రం మీది తడిగాలి కొండలకు తగిలి చాలా వరకు అవతలే కురిసిపోతుంది. ఆ ఎండకీ ఆ పొడిగాలికీ ద్రాక్ష, పీచ్ పళ్లు బాగా పండుతాయి. 2013 ఆగస్టులో అక్కడ 40.7 డిగ్రీల ఎండ కాసింది. ఆరు నెలలు తిరిగేసరికి, 2014 ఫిబ్రవరిలో, మీటరుకు మించి మంచు పడింది. అక్కడ ఏడాదికి కురిసే వాన 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు. మన శ్రీకాకుళం జిల్లా సగటు కూడా అటూ ఇటూగా అంతే. ఆకాశం ఇద్దరికీ దాదాపు ఒకే కొలత పోసింది. మరి బతుకులు ఎందుకు ఇంత వేరుగా ఉన్నాయి? ఆ రోజు తరగతిలో చెప్పలేకపోయిన జవాబు ఈ రోజు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల జనాభా 2011 లెక్కల్లో 57 వేల పైచిలుకు. సముద్రం కనబడదు గనక మనది లోతట్టు ఊరే అనుకుంటాం. కానీ అక్కుపల్లి తీరం పదిహేను కిలోమీటర్లు, అటూ ఇటూ. ఉత్తరాన తల ఎత్తితే మహేంద్రగిరి. ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న ఆ శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. తిన్నగా గీత గీస్తే మన ఊరి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. కోఫుకి నాలుగు వైపులా గోడ ఉంటే మనకి ఒక వైపే గోడ, రెండో వైపు తలుపు లేని గుమ్మం. బంగాళాఖాతం మీద నుంచి వచ్చే తడిగాలి మన నెత్తి మీదుగా వెళ్లి ఆ గోడకి గుద్దుకుంటుంది. అక్కడ కురిసిన నీరంతా వాలు పట్టుకుని మళ్లీ మన మీదికే వస్తుంది.

కొండ నుంచి కడలి దాకా నడిస్తే నేల ఎన్ని రకాలుగా మారుతుందో గమనించండి. మందస పైన సవరల కొండపోడు. కిందికి దిగితే చెరువుల కింద వరి పల్లం. ఆ తర్వాత రైలు పట్టాలు, జాతీయ రహదారి. కొండకీ కడలికీ మధ్య బల్లపరుపు నేల ఈ సన్నని పట్టీ ఒక్కటే గనక హౌరా-చెన్నై లైను, హైవే రెండూ పక్కపక్కనే పోతాయి. అవి దాటితే ఇసుకపర్ర మీద పెరిగిన ఉద్దానం: కొబ్బరి, జీడి, పనస, మామిడి. ఉద్యానవనమే ఉద్దానమైందని మన పెద్దల మాట. ఆ ఇసుకకీ మెట్టకీ మధ్య పల్లాల్లో నీరు నిలిచే బీలలు, తంపరలు ఉంటాయి. చివర ఇసుక దిబ్బలు, సముద్రం. రెండు గంటల మోటారు సైకిలు ప్రయాణంలో ఇన్ని చూడొచ్చు.

ఇక వాన. అందులో పెద్ద వాటా నైరుతి రుతుపవనాలది. మిగిలిన దాంట్లో చాలా భాగం అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్లతో, వాయుగుండాలతో వస్తుంది. అంటే ఏడాది వాన అంతా ఇంచుమించు ఆరు నెలల్లో, అదీ లెక్కపెట్టదగ్గ కొద్ది రోజుల్లో పడిపోతుంది. మన గెడ్డలు పొట్టివి. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ సంగతే చూడండి. కొండ మీద రాత్రి కురిస్తే తెల్లారేసరికి పొంగుతుంది, కొన్నాళ్లకే మళ్లీ ఇసుక తేలుతుంది. వంశధార ఒక్కటే మనకి పెద్ద నది. గొట్టా బ్యారేజీ నుంచి దాని ఎడమ కాలువ టెక్కలి వైపు వస్తుంది. ఉద్దానం మెట్టలకి మాత్రం వానా, బావీ, ఈ రెండే దిక్కు.

ఆ వాన కూడా అందరికీ ఒకలా పనికిరాదు. అక్టోబరులో వరి పొట్ట మీద ఉంటుంది, దానికి తడి కావాలి. జీడి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత మీద ఉంటుంది. అప్పుడు మబ్బు పట్టినా, చినుకు పడినా పూత మాడిపోతుంది, తేయాకు దోమ పడుతుంది. నౌపడ ఉప్పు మడులకి కూడా ఆ పొడి రోజులే ప్రాణం. చిన్నప్పుడు సంక్రాంతికి మబ్బు పడితే మా పెద్దమ్మ ఆకాశాన్ని తిట్టేది, పక్క ఊళ్లో వరి కోసి కుప్ప వేయనివాళ్లు మరీ తిట్టేవాళ్లు. ఇప్పుడు ఆఫ్రికా నుంచి జీడి పిక్కలు దిగుమతి అవుతున్నాయి గనక కార్ఖానా నడుస్తుంది. కానీ ఎనభై కిలోల బస్తా ధర కోసం ఎదురు చూసే రైతుకి జనవరి మబ్బు ఇప్పటికీ గుండెదడే.

ఇక అందరూ ఎదురు చూసేది, నేను చెప్పడానికి వెనకాడేది, చిత్త కార్తె. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2014లో హుద్‌హుద్ విశాఖలో దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ మన పలాస దగ్గర దాటింది అక్టోబరు 11న. ఆ తేదీల్లో మహిమ ఏమీ లేదు. నడి వానాకాలంలో కింది గాలీ పై గాలీ ఎదురెదురుగా బలంగా వీస్తాయి గనక సుడి నిలబడదు, వాయుగుండంతోనే ఆగిపోతుంది. రుతుపవనాలు వెనక్కి మళ్లే వేళకి ఆ గాలులు నెమ్మదిస్తాయి, సముద్రం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. అప్పుడు సుడికి అడ్డు ఉండదు. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది, తుపాను వాయవ్యానికి నడుస్తుంది. అంటే గురి పెట్టినట్టు తిన్నగా వస్తుంది.

తిత్లీ రాత్రి నేను వజ్రపుకొత్తూరు వైపు మా ఇంట్లోనే ఉన్నాను. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య అది తీరం దాటిందని తర్వాత వాతావరణ శాఖ లెక్క చెప్పింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165. ముందు ఈశాన్యం గాలి. పెంకులు లేచిపోయాయి. తర్వాత ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. "అయిపోయిందిరా" అని మా తమ్ముడు తలుపు గడియ తీయబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ధైర్యంతో కాదు, మాస్టారి పాఠంతో. తుపాను కన్ను మీద నుంచి పోతున్నప్పుడు గాలి ఆగుతుందని, కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్లీ వస్తుందని ఆయన నల్లబల్ల మీద గుండ్రాలు గీసి చూపించారు. కాసేపటికే నైరుతి నుంచి వచ్చింది. మొదటి గాలికి ఒక పక్కకి ఒరిగి వేళ్లు వదులైన కొబ్బరి చెట్లు రెండో గాలికి కూలాయి. మా నాన్న నాటినవి నూట పది. పొద్దున్న లెక్కపెడితే నిలబడి ఉన్నవి పదమూడు.

ఇంట్లో నెల రోజులు ఒకటే చర్చ. మళ్లీ కొబ్బరి వేస్తే కాపుకి ఆరేడేళ్లు. జీడి అంటుమొక్క వేస్తే మూడు నాలుగేళ్లకి కాయ కనబడుతుంది, నిండు కాపుకి ఇంకా ఆగాలి. అమ్మేసి హైదరాబాదు పోతే రేపటి నుంచే జీతం. తమ్ముడు నన్ను అడిగాడు: "అన్నయ్యా, నువ్వు చదువుకున్నావు గదా. ఇలాంటిది మళ్లీ ఎన్నేళ్లకి వస్తుంది? మన బావిలో నీళ్లు నాన్న నాటికంటే తగ్గాయా, పెరిగాయా?" నా దగ్గర జవాబు లేదు. కోఫు వాన నాకు నోటికి వచ్చు. మా బావి లోతు తెలియదు. తొమ్మిదో తరగతి బెంచీ మీద తల దించుకున్నట్టే దించుకున్నాను. తమ్ముడు సగం కొబ్బరి, సగం జీడి వేశాడు. ఇప్పుడిప్పుడే గెలలు దిగుతున్నాయి.

ఇంకో సంగతి. మన బ్యాచ్‌లో పేర్లు పిలిచినప్పుడు పలకనివాళ్లలో ఇద్దరు డయాలసిస్ మంచాల మీద నుంచి వెళ్లిపోయినవాళ్లు. ఉద్దానంలో ఇలాంటి కుర్చీ ఖాళీ లేని బ్యాచ్ లేదేమో. మూత్రపిండాల ఈ జబ్బుకి ఇదీ కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ తీరాల్లో కూడా పొలం పనివాళ్లని ఇలాంటి జబ్బే పట్టింది. అక్కడ తాగే నీటితో పాటు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే చాకిరీని కూడా అనుమానిస్తున్నారు. మన ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు. కోఫు ఎండలో చెమట ఆరితే, మన ఎండలో కారుతుంది. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. 2023 డిసెంబరులో వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల్లో ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. మంచిదే. ఆ నీళ్లు ప్రతి ఇంటి కుళాయికీ ప్రతి రోజూ రావాలి. మిట్టమధ్యాహ్నం పని చేయించే అలవాటు మనమే మానాలి.

బీలలు, తంపరల గురించి ఒక్క మాట. అవి బీడు భూములని ఫైళ్లలో రాసుకున్నారు. వానాకాలం నీటిని దాచి ఎండాకాలానికి ఇచ్చేవి అవే. 2010లో సోంపేట బీల దగ్గర, 2011లో కాకరాపల్లి తంపర దగ్గర థర్మల్ కేంద్రాలు వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడ్డారు, తుపాకీ కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఆ చుట్టుపక్కల తంపరల్లోనే మేత వెతుక్కుంటాయి. ఆ పక్షుల లెక్క రాస్తున్నారు. మన నీళ్ల లెక్క ఎవరు రాస్తున్నారు?

మండల కేంద్రంలో వర్షమాపకం ఉంది గదా అంటారు. ఉంది. కానీ మందసలో కుండపోత కురిసిన రోజున వజ్రపుకొత్తూరులో బట్టలు ఆరతాయి. మన మాస్టారికి అది తెలుసు. అందుకే బడి పెరట్లో గరాటు, సీసా పెట్టి రోజూ వాన కొలిపించి నోటుపుస్తకంలో రాయించారు. ఆయన రిటైరైన ఏడాదే ఆ పుస్తకం ఆగిపోయింది. అప్పటి నుంచి రాసి ఉంటే, నా తమ్ముడి ప్రశ్నకి ఈ రోజు ఈ బడే జవాబు చెప్పేది.

స్వర్ణోత్సవం పేరున ఆర్చి కట్టాలని చందాలు పోగు చేశాం. కట్టండి, నా వంతు నేనూ ఇచ్చాను. అందులో కొంచెం తీసి ఒక మంచి వర్షమాపకం, ఒక థర్మామీటరు, బావి లోతు కొలిచే టేపు కొందాం. పొద్దున్న ఎనిమిదిన్నరకి, దేశమంతా వాతావరణ శాఖ వాన కొలిచే వేళకే, మన పిల్లలూ కొలుస్తారు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. ఈ ఒక్క సూత్రం వస్తే ఐదో తరగతి పిల్ల కూడా తన ఇంటి డాబా మీద ఎన్ని బిందెలు పడ్డాయో చెప్పగలదు. ఏ ఊరి పిల్లలు ఆ ఊరి బావిని మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలిచి రాయాలి. ఇరవై ఊళ్ల నుంచి పిల్లలు వస్తున్నారు, అంటే ఇరవై బావులు. పెద్ద చదువు అక్కర్లేదు, రోజూ మానకుండా రాస్తే చాలు.

మాస్టారు ఈ సభకి రాలేకపోయారు. మొన్న ఇంటికి వెళ్లి కలిశాను. ఈ ప్రసంగం సంగతి చెబితే నవ్వి, "ఇప్పటికైనా పలాస చెబుతావా?" అన్నారు. కొంత చెప్పాను మాస్టారూ. మిగతాది ఈ బడి పిల్లలు కొలిచి చెబుతారు. వాళ్లకి ఆ గరాటు, సీసా మళ్లీ అందించడం మన పని.