మర్కూకు నడిబొడ్డున నూతన కేంద్రము: మన వృత్తులవారి స్థానము



ఈ మహాసభయందు నేను విశ్వకర్మ మహిమనుగూర్చి ప్రసంగింతునని కార్యదర్శిగారు తలచియుందురు. ముప్పదియైదేండ్లు బాలురకు శబ్దమంజరి చెప్పినవాడను గనుక అట్టి ప్రసంగము నాకు కష్టమైనది కాదు. కాని నేడు మన మర్కూకులో నలుగురు కూడిన చోటనెల్ల వినవచ్చు మాట వేరు. ఊరి నడుమ క్రొత్తగా నొక కేంద్రము నిర్మించి, అంగడిని, దుకాణముల వరుసలను, బండ్లు నిలుచు తావును ఒక్కచోటికి తేవలెనా, వలదా? తెచ్చుటయే యైనచో సొమ్మెవరిది? ఆ మాటనే యిచ్చట విన్నవింప నుద్దేశించితిని.

2016 అక్టోబరు 11వ తేదీన సిద్దిపేట జిల్లా యేర్పడినప్పుడు మన గ్రామము మండల కేంద్రమైనది. పిమ్మట 2020 మే 29న కొండపోచమ్మ సాగరమునకు గోదావరి జలము వచ్చినది. పదునైదు టీఎంసీల జలాశయము మన వాకిట నిలిచినది. దానికొరకు బైలంపూరు, మామిడ్యాల, తానేదారుపల్లి గ్రామములవారు తమ యిండ్లు విడిచి తున్కి బొల్లారము కాలనీకి పోయిరి. అభివృద్ధియను మాట వినినప్పుడెల్ల నాకు ఆ మూడు పేర్లు జ్ఞప్తికి వచ్చుచుండును. దానికి వ్యతిరేకినని మాత్రము తలంపకుడు. నీరు చేనికి చేరిన సంతోషము నాకును గలదు.

కేంద్రము కావలెనను వారి వాదము త్రోసివేయదగినది కాదు. మండల కచేరీకి వచ్చిన రైతు ఎండలో నిలువవలసి వచ్చుచున్నది. కూరగాయలమ్ము స్త్రీలు వానలో గోనెపట్టలు కప్పుకొనుచున్నారు. గజ్వేలులో 2019 డిసెంబరు 11న సమీకృత మార్కెట్టు తెరువబడెను. మనకేల కాదని వారడుగుదురు. అయితే ఆనాడు ముఖ్యమంత్రిగారే గజ్వేలు శాసనసభ్యులు. 2014లోనే ఆ ప్రాంతమునకొక అభివృద్ధి సంస్థ యేర్పడియుండెను. సొమ్మునకు దారి దగ్గరయైనది. 2023 డిసెంబరులో ప్రభుత్వము మారినది. ఆ దారి మనకట్లే యుండునని యెంచి పునాదులు త్రవ్వరాదు.

సొమ్ము చాలక నడుమ నాగిన పని యెట్లుండునో తెలియగోరువారు అమరావతిని చూడవచ్చును. రైతులు ముప్పదినాలుగు వేల యెకరములవరకు సమీకరణమున కిచ్చిరి. 2015లో శంకుస్థాపన జరిగెను. 2019లో ప్రపంచబ్యాంకు ఋణప్రయత్నము విరమింపబడెను. తిరిగి 2024 డిసెంబరులో ఎనుబది కోట్ల డాలర్లకు అదే బ్యాంకు అంగీకరించెను. నడుమ గడచిన యేండ్లను భూమి యిచ్చినవాడే భరించెను. మనది చిన్న ఊరు, భరించువాడింకను చిన్నవాడు.

కావుననే చందాల ప్రశ్న వచ్చినది. 1909లో మైసూరు శ్యామశాస్త్రిగారు ప్రకటించిన అర్థశాస్త్రమున కౌటిల్యుడొక నియమము చేసియున్నాడు. పలువురు కూడి సేతువు కట్టునప్పుడు ఒకడు తొలగిపోయినచో, వాని పనివాండ్రును ఎద్దులును పనిచేయవలెను. వ్యయమున వానికి పాలు కలదు, ఫలమున లేదు. మనము చందా యీయకున్నచో ఈ నియమమునే మనపై ప్రయోగించు పండితులు ఊరిలో లేకపోలేదు. నేను దానిని త్రిప్పి యడుగుచున్నాను. తొలగక, వ్యయమునకు పాలిచ్చినవానికి ఫలమున పాలున్నదా?

నా మేనల్లుడొకడు వడ్రంగి. పొరుగున నొక పట్టణమందు బజారు వెడల్పు చేసినప్పుడు వాని పాక తీసివేసిరి. క్రొత్త వరుసలో గది యిత్తుమనిరి. గదులు వేలమునకు వచ్చిననాడు ధరావతు ముందు కట్టుమనిరి. అది వాని రెండేండ్ల సంపాదన. గదిని బట్టల వర్తకుడు పాడుకొనెను. వర్తకునిపై నాకు కోపము లేదు. ఒకవేళ వానికే దక్కియున్నను, పదియడుగుల గదిలో పండ్రెండడుగుల దూలమును చిత్రిక పట్టుటెట్లు? కట్టినవారిలో నొక్కరును వడ్రంగిని పిలిచి యడుగలేదు. వాస్తుశాస్త్రమున బ్రహ్మస్థానము తెరపియుంచవలెనని చెప్పుదురు; ఆ పట్టణమున నడుమ చోటంతయు గదులే.

అంగళ్లు, సంతలు రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల విషయములుగా చేర్చబడినవి. తెలంగాణమునందలి 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము రెండు మాసముల కొకమారైనను గ్రామసభ జరుగవలెననుచున్నది. 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరులో ఎన్నికలు జరుగువరకు పంచాయతీలకు పాలకవర్గములు లేక ప్రత్యేకాధికారులే నడిపిరి. అప్పుడడుగుటకు మనిషి లేడని సాకు చెప్పితిమి. ఇప్పుడా సాకు చెల్లదు. గ్రామసభలో మనవారెందరు కూర్చుందురో మీరే యెరుగుదురు. పెండ్లిపందిరిలో మాత్రము చోటు చాలదు.

పోషకులకు నా మనవి యొక్కటి. ద్వారముపై తమ పెద్దల పేరు చెక్కించుటకై విరాళమీయ సిద్ధముగా నున్నారని వింటిని. ఆ యౌదార్యమునకు నమస్కారము. కాని కొలిమికి పొగ పోవు తావును, వడ్రంగికి నిడుపైన పంచయు, అవుసులవారికి తాళము పడు గదియు, వేలములేని యద్దెకు, ముందున్న చోటునుబట్టి యిత్తుమని గ్రామసభ తీర్మానించి, ఆ నకలు మన కోశాధికారి చేతికి వచ్చువరకు ఒక్క రూపాయియు కదలరాదు. తైబజారు రుసుము కూరగాయలమ్ము స్త్రీలపై నెంత పడునో అదియు నందే వ్రాయవలెను. వారు మన కులమువారు కారని కొందరనవచ్చును. వారి కత్తిపీటలకు సాన పెట్టి బ్రదుకువారము మనమే గదా!

ఈ తీర్మానము నేటి సభలోనే ప్రతిపాదించుచున్నాను. సమ్మతిలేనివారు మొగమాటపడక లేచి చెప్పుదురుగాక. కొలతల చిత్తుకాగితము నా యొద్దనున్నది. భోజనానంతరము పందిరి తూర్పుమూలను కూర్చుందును. కమ్మరులు, వడ్రంగులు, అవుసులవారు వచ్చి తమ తమ పనికెన్ని యడుగులు కావలెనో సరిచూచి వ్రాయింపవలెనని వేడుచున్నాను.