తార పక్కన లెక్కల మనిషి
(స్మారకోపన్యాస పాఠం)

ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏటా జరుగుతోందో, ఆ మాస్టారు మాకు సినిమా చరిత్రను పాటల పుస్తకాల నుంచి చదవడం నేర్పారు. కథాసంగ్రహం తర్వాత, ముందు అట్ట చూడమనేవారు. బేనరు ఎవరిది? నిర్మాతగా ఎవరి పేరు వేశారు? నటీనటుల ఆస్తిపాస్తుల మీద నా పరిశోధన ఆ అట్టల దగ్గరే మొదలైంది.

మూకీలూ తొలి టాకీలూ మీరెరిగినవే. నేను ఏళ్ల తరబడి తవ్వినది 1946 నుంచి 1971 దాకా.

1946లో ‘త్యాగయ్య’ వచ్చింది. నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, కథానాయకుడు, నలుగురూ చిత్తూరు నాగయ్యగారే. దాని పక్కన ‘దొంగరాముడు’ పెట్టి చూడండి. అన్నపూర్ణా పిక్చర్స్ 1951లో పుట్టింది, మొదటి బొమ్మ 1955లో గాని విడుదల కాలేదు. అక్కినేని కంపెనీకి ఛైర్మన్, కానీ నిర్మాత దుక్కిపాటి మధుసూదనరావు, దర్శకుడు కె.వి. రెడ్డి. విజయావారి దగ్గర నెలజీతం మీద ‘పాతాళభైరవి’ చేసిన రామారావు 1953లో ‘పిచ్చిపుల్లయ్య’తో సొంత బేనరు పెట్టినప్పుడు నిర్మాణ వ్యవహారం తమ్ముడు త్రివిక్రమరావు చూసుకున్నారు. భానుమతిగారి భరణి సంస్థలో భర్త రామకృష్ణ ఉన్నారు. కెమెరా ముందు నిలబడే మనిషి వేరు, ఖర్చు దగ్గర ‘ఇక చాలు’ అనగల మనిషి వేరు. డబ్బు నిలిచిన చోట ఈ ఇద్దరూ కనిపిస్తారని నా వాదన.

దీన్ని ఒప్పుకోని పండితమిత్రులు ఉన్నారు. నాగయ్య దానాలు చేసి ఆరిపోయారనీ, సావిత్రి దుబారా చేసి చితికిపోయారనీ, మిగిలినవాళ్లు పొదుపరులనీ వారి సిద్ధాంతం. నాగయ్యగారి దానగుణం నిజమే, ఎవరు కాదంటారు? కానీ సావిత్రి సంగతి నిదానంగా చూడాలి. ‘మూగమనసులు’ తెలుగులో ఘనవిజయం. అదే కథను శివాజీ గణేశన్‌తో తమిళంలో ‘ప్రాప్తం’గా తీశారావిడ. అది 1971లో వచ్చి దెబ్బతింది. నిర్మాత, దర్శకురాలు, కథానాయిక, ముగ్గురూ ఆవిడే. గెలిచిన కథ, పెద్ద హీరో: ఏ నిర్మాతైనా చేసే లెక్కే అది. ఆ లెక్క తప్పితే మగ నిర్మాతను ‘నష్టపోయాడు’ అంటాం, సావిత్రి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అలవాట్లు ఏకరువు పెడతాం. ఇది చరిత్ర రాసే పద్ధతి కాదని ఈ వేదిక మీద గట్టిగా చెబుతున్నాను. కుటుంబ కలహాలూ మద్యమూ కథకు పనికొస్తాయేమో గాని, అప్పు ఎక్కడ పుట్టిందో చెప్పవు. ఈ మాట మీద ఎంతసేపైనా వాదిస్తాను, కానీ అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తున్నారు.

మిగతాది గబగబా చెబుతాను. డెబ్బైల్లో అక్కినేని, రామారావు, ఎనభైల్లో కృష్ణ హైదరాబాద్‌లో స్టూడియోలు కట్టారు. బొమ్మ ఆడినా ఆడకపోయినా ఫ్లోరు అద్దె వస్తుంది, కింద నేల ఉంటుంది. శోభన్‌బాబు మద్రాసులో స్థలాలు కొన్నారు, వయసు మీద పడ్డాక తండ్రి వేషాలకు ఒప్పుకోవలసిన అవసరం రాలేదు. తర్వాత పారితోషికం బదులు ఏరియా హక్కులు, లాభాల్లో వాటాలు వచ్చాయి. 2018లో మహేశ్‌బాబు గచ్చిబౌలిలో ఏషియన్ సినిమాస్‌తో కలిసి ఏఎంబీ మల్టీప్లెక్స్ తెరిచారు, 2023లో అల్లు అర్జున్ అమీర్‌పేటలో అదే దారి పట్టారు. ఇప్పుడు ఇంకొకరి సినిమా ఆడినా హీరోకు ఆదాయమే.

హీరోయిన్ల సొంత బేనర్లు మాత్రం అరుదుగానే వస్తున్నాయి. 2025లో సమంత నిర్మించిన ‘శుభం’ అట్ట మీద ఎవరెవరి పేర్లున్నాయో నా విద్యార్థులు ఇప్పుడు చూస్తున్నారు.