నిదానముగా నేర్చు చేతులు

నారాయణగూడ వై.ఎం.సి.ఏ. కూడలినుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వరకు నడచి పోవువారికి ఒక సంగతి స్పష్టముగా కనబడును. ఈ వీధులు పరీక్షల వీధులు. చిక్కడపల్లి గ్రంథాలయమునిండ ఉద్యోగ పరీక్షలకు చదువుకొనువారే. అశోక్‌నగరులో గోడగోడకును శిక్షణాలయముల బోర్డులే. జిల్లాలనుండి వచ్చిన యువతీ యువకులు ఇరుకు గదులలో అద్దెకుండి ఏండ్ల తరబడి పుస్తకములతో కుస్తీ పట్టుచుందురు. ఆ వీధులలోనే, ఆ మేడలలోనే, ఏ పరీక్షకును ఎన్నడును కూర్చుండని యువకులు కూడ కొందరు కలరు. వారి వయస్సు 25 ఏండ్లో 30 ఏండ్లో ఉండును. ఉదయము స్నానము చేయింతురు, ఫలహారము పెట్టుదురు, టెలివిజను ముందు కూర్చుండబెట్టుదురు. ప్రొద్దు గ్రుంకువరకు అంతే. చుట్టములు వచ్చినపుడు లోపలి గదిలోనికి పొమ్మందురు. వారిని గురించియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

పూర్వము వీరిని మందబుద్ధులనెడివారు. అంతకంటె మొరటు మాటలును వాడుకలో ఉండెడివి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని బౌద్ధిక వైకల్యముగా పేర్కొన్నది. ఆ చట్టము చెప్పిన నిర్వచనములో రెండు భాగములున్నవి. ఆలోచించుట, నేర్చుకొనుట, చిక్కులు విడదీసికొనుట యందు పరిమితి యుండుట ఒకటి. దైనందిన వ్యవహారములో, నలుగురితో మెలగుటలో పరిమితి యుండుట రెండవది. ఇది పిచ్చి కాదు; మందు మ్రింగిన మానునట్టి రోగమును కాదు. ఐనను రెండవ భాగము నేర్పుచేత చాలవరకు మారగలదు. మా మాటలన్నియు ఆ రెండవ భాగమును గురించియే.

బిడ్డ చిన్నవాడుగా ఉన్నంతకాలము ప్రత్యేక పాఠశాల యున్నది, ఉపాధ్యాయులున్నారు. 18 ఏండ్లు నిండగనే ఆ దారి సన్నగిల్లును. చట్టము దృష్టిలో తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వము కూడ ఆనాటితోనే ముగియును. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టముక్రింద, జిల్లా కలెక్టరు సభ్యుడుగా గల స్థానిక సమితికి దరఖాస్తు పెట్టుకొని సంరక్షకుని నియమింపజేసికొనవచ్చును. ఈ సంగతి ఎరుగని యిండ్లు ఎన్నియో కలవు. కాని సంరక్షకుడు దొరికినంత మాత్రమున పగలు గడచునా? "మా తరువాత వీడేమగును?" అని అరువదియేండ్ల తండ్రి అడిగినపుడు ఆ ప్రశ్నలో తిండియొక్కటే కాదు, ప్రొద్దు పుచ్చుట కూడ ఇమిడియున్నది. అదే 2016 చట్టము ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు 4 శాతము కేటాయించినది. అందులో 1 శాతము ఆటిజము, బౌద్ధిక వైకల్యము మొదలగునవి గలవారందరికిని కలిపి దక్కును. ఐనను ఆ ద్వారము ముందర మరల పరీక్షయే కాచుకొనియున్నది! కావున చేతిపని తప్ప చాలమందికి వేరు మార్గము లేదు.

వీరికి పని నేర్పవచ్చునని లోకము తెలిసికొనుట నిన్న మొన్నటి మాట కాదు. ఫ్రాన్సు దేశీయుడగు ఎడ్వర్డ్ సెగాన్ పంతొమ్మిదవ శతాబ్దిలోనే కంటికిని చేతికిని కలిపి శిక్షణ నిచ్చు పద్ధతిని ఏర్పరచెను. గుంటలలో ఆయా ఆకారముల చెక్కలను అమర్చు పలక ఆయన పేరుతోనే నేటికిని వాడుకలో ఉన్నది. మరియా మాంటిస్సోరి తన పద్ధతికి పునాది వేసికొన్నది ఆయన గ్రంథములు చదివియే. ఆమె మొదట నేర్పినది ఇటువంటి పిల్లలకే. 1939లో ఆమె మదరాసుకు వచ్చి ఉపాధ్యాయులకు తరగతులు నడపినది. నేడు మన నగరములో ఆమె పేరు పెట్టుకొన్న బడులు వీధికొకటి కలవు. ఆ విద్య ఎవరికొరకు పుట్టినదో తలచుకొనువారు మాత్రము అరుదు.

పెద్దవారి విషయములో మాకు మిక్కిలి నచ్చిన ఉదాహరణ అమెరికాలో మార్క్ గోల్డ్ చేసినది. ఆయన పరిశోధన 1972లో వెలువడినది. పూసలు గ్రుచ్చుట, సంచులు నింపుట వంటి పనులకు మించి వీరు చేయజాలరని నలుగురును అనుకొనుచుండగా, ఆయన 15 విడిభాగములు గల సైకిలు బ్రేకును కూర్చుట నేర్పెను. ప్రతి భాగమును సరిగా ఉంచినపుడు పైకి కనబడవలసిన వైపున రంగు వేసెను. మాటలు తగ్గించెను. పనివారు నేర్చుకొనిరి. శిష్యుడు నేర్వకపోయినచో నేర్పినవాడు మార్గము మార్చవలెనే కాని శిష్యుని నిందింపరాదని ఆయన పట్టు. ఇది వినుటకు సులభము. ఆచరణకు వచ్చునప్పటికి అహంకారము అడ్డు తగులును.

మన ఊరి పనినే చూతము. మందుల దుకాణములో ఇచ్చు చిన్న కాగితపు కవరు కలదు కదా. 2022లో పలుచని ప్లాస్టిక్ సంచులపై నిషేధము వచ్చిన పిమ్మట కాగితపు సంచుల అవసరము మరింత తెలిసివచ్చినది. మన చేతికి ఆ కవరు చేయుట ఒక్క పని. నేర్వవచ్చినవానికి అది ఏడెనిమిది పనులు: కాగితమును చట్రములో ఉంచుట, ఎడమ అంచు మడచుట, కుడి అంచు దానిపైకి తెచ్చుట, జిగురు రాయుట, అదుముట, అడుగు భాగము మడచుట, మరల జిగురు, మరల అదుముట. ఇవన్నియు ఒక్కసారి చూపించి "ఇట్లు చేయుము" అనుట నేర్పుట కాదు. మేము తుదినుండి మొదలుపెట్టుదుము. కడపటి మడత వరకు గురువే చేసి, ఆ ఒక్క మడతను అదుముట శిష్యునికి విడుచును. అదిమినంతనే కవరు పూర్తియైనది. పూర్తి చేసినది అతని చేయి. అది స్థిరపడిన పిమ్మట దానికి ముందు మెట్టు, ఆపైన దానికి ముందు మెట్టు. దీనికి వారములు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. మొదటినుండి మొదలిడినచో ఏడు మెట్లలో ఎక్కడనో తడబడి, కవరు ముఖము చూడకయే విసిగి లేచిపోవును.

లెక్క రాదను అభ్యంతరము తరచుగా వినబడును. పది గళ్లు గీచిన పలకయొకటి ఎదుట పెట్టుడు. గడికొక కవరు. గళ్లు నిండినవి, కట్ట సిద్ధమైనది. పదివరకు ఒప్పజెప్పలేనివాడు రోజంతయు పదుల కట్టలు తప్పులేక కట్టగలడు. తూకము చూడరాకున్నచో త్రాసు ముల్లు నిలువవలసిన చోట ఎఱ్ఱగీత చాలును. కొలత బద్దకు బదులు అట్టముక్క చాలును. లోపమును మనిషిలోనుండి తీసివేయలేము. పనిముట్టులో దానికి సర్దుబాటు చేయగలము.

కష్టమైనది మరియొకటి కలదు. మొదట శిష్యుని చేతిమీద మన చేయి ఉండును. పిదప వేలితో చూపుట, ఆపైన కనుసైగ, ఆపైన ఏమియు లేదు. ఈ వెనుకకు తీసికొనుట నేర్పువారికే పరీక్ష. ఇంటిలో తల్లులకు మరియు కష్టము. చొక్కా బొత్తాము పెట్టుకొనుటకు కొడుకు ఐదు నిమిషములు తీసికొనును. ఆమె అర నిమిషములో పెట్టివేయును. ప్రేమచేతనే పెట్టును. ముప్పది యేండ్లు అట్లే గడచును. ఇంకొకటి: శిక్షణశాలలో చక్కగా చేసినవాడు ఇంట చేయలేకపోవుట కలదు. బల్ల మారినది, వెలుతురు మారినది, ఎదుటి మనిషి మారినది. నేర్చినది మరచినాడని బెంగపడనక్కరలేదు. అదే చట్రమును, అదే పలకను ఇంటికి తీసికొనిపోయి అక్కడ మరల నేర్పవలెను.

పిలుపు విషయము చిన్నదిగా కనబడును గాని మాకు చిన్నది కాదు. గడ్డము నెరయుచున్నవానిని "చిన్నా, బుజ్జీ" అని పిలిచి, పసిపిల్లవాని బొమ్మలు రంగులద్దుమని ఇచ్చుట ఎక్కడి న్యాయము? పనిశాలలో "మీరు, రండి" అని పలుకరించి చూడుడు. కూర్చుండు తీరే మారును.

అమ్మకము సంగతి కొంచెము నిష్ఠురముగా చెప్పక తప్పదు. దీపావళికి జాలిచేత కొన్న ప్రమిదలు సంవత్సరమున కొకసారి అమ్ముడుపోవును. పదకొండు నెలలు చేతులు ఖాళీ. జిగురు ఊడని కవరును దుకాణదారుడు ప్రతివారమును కొనును. వంకర కవరును పారవేయుట శిష్యునికి అవమానము కాదు; దానిని మెచ్చుకొనుటయే అవమానము. ఇక కూలి. అది ఎంత స్వల్పమైనను అతని చేతికే ఇయ్యవలెను. అంకెలు చదువరానివాడు కూడ క్రొత్త 100 రూపాయల నోటును లేత ఊదారంగుచేతను, 200 రూపాయల నోటును పసుపురంగుచేతను గుర్తుపట్టగలడు. పాత 100 నోటు వచ్చినపుడు తికమకపడును. దానికి వేరుగా అభ్యాసము కావలెను. నోటు పట్టుకొని వీధి చివరి అంగడికి పోయి సబ్బు కొని చిల్లరతో తిరిగి వచ్చుటయు పాఠమే.

నారాయణగూడ వారికి ఇందు తోడ్పడు సంస్థ దూరమున లేదు. సికిందరాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగరులో 1984లో కేంద్రప్రభుత్వము స్థాపించిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ కలదు; దాని పేరు ఇప్పుడు మారి ఎన్.ఐ.ఈ.పీ.ఐ.డీ. అయినది. ఈ శిక్షణలో బోధకులను తయారుచేయుటయు ఆ సంస్థ పనులలో నొకటి. అచ్చటికి పోవునపుడు వైకల్య ధ్రువపత్రమును వెంట నుంచుకొనుడు. తల్లిదండ్రులు మాత్రమే పోయి మాటలాడి రావలదు. అతనిని వెంటబెట్టుకొని పొండు. "మీకేమి పని ఇష్టము?" అని అచ్చటివారు అతనినే అడిగినపుడు, తల్లి తొందరపడి తాను బదులు చెప్పక కొంతసేపు ఊరకుండవలెను.