సణుగుడు వినవలసిన సంఘము

(దంతాలపల్లిలో సంఘస్థుల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయమును మనము సాధారణముగా స్తెఫను కొరకు చదువుదుము. డీకన్ల అభిషేక దినమున ఏడుగురి ఏర్పాటును జ్ఞాపకము చేసికొందుము. ఆ ఏడుగురు ఎందుకు కావలసివచ్చిరో తెలుపు మొదటి వచనము మీద మాత్రము ఎక్కువసేపు నిలువము. అక్కడ ఉన్నది ఒక ఫిర్యాదు. ప్రతిదినము జరుగు భోజనపు పంపకములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు సరిగా అందుటలేదని సణుగుడు పుట్టినది. అన్యాయము జరిగినది రోమా అధికారుల చేతిలో కాదు, సంఘము స్వయముగా నడుపుచున్న పరిచర్యలో. నష్టపోయినవారు భర్త లేని, ఊరి భాష రాని స్త్రీలు. అపొస్తలులు "ఎవరు చెప్పినది?" అని ఆరా తీయలేదు. బయటికి పొక్కితే పేరు పోవునని ఎవరి నోరూ మూయించలేదు. అందరిని పిలిచి బహిరంగముగా మాటలాడిరి. ఏర్పరచబడిన ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. ఎవరి పక్షమున ఫిర్యాదు వచ్చినదో వారి చేతికే కొట్టుగది తాళపు చెవులు ఇచ్చినట్లు నాకు తోచుచున్నది.

ఇతరుల చేతి మీద బ్రతుకుచున్న పెద్దవారిని గూర్చి నేడు మాటలాడదలచితిని. మంచము పట్టిన తల్లి, మతి తప్పిన తాత, చిన్ననాటి నుండి బుద్ధి ఎదగని నలుబది ఏండ్ల కుమారుడు, మానసిక వ్యాధితోనున్న అక్క. వీరికి ఇంటిలోగాని, ఆశ్రమములోగాని, ఆసుపత్రిలోగాని జరుగు హింసను మనమెట్లు గుర్తుపట్టవలెను? గుర్తుపట్టిన పిమ్మట ఎవరికి చెప్పవలెను? పిల్లల విషయములో 2012లో పోక్సో చట్టము వచ్చినది. తెలిసియు చెప్పనివారికి అందులో శిక్ష ఉన్నది. పెద్దవారి విషయములో మన దేశమున అట్టి ఒక్క చట్టము లేదు. చెప్పు భారము చాలవరకు చూచినవాని మనస్సాక్షి మీదనే పడుచున్నది.

దంతాలపల్లిలో దీనితో మనకేమి పని అని కొందరికి అనిపించవచ్చును. మన పిల్లలు హైదరాబాదు పోయిరి, వరంగల్లు పోయిరి, కొందరు దుబాయి, ఇంగ్లండు పోయిరి. పత్తి చేలలో, మిరప తోటలలో వంగి పనిచేసి వారిని చదివించిన చేతులు ఇప్పుడు వణకుచున్నవి. ఒకనాడు ఆశ్రమమన్న మాట వినుటకే సిగ్గుపడిన కుటుంబములు నేడు నెలకింత అని కట్టి తల్లిదండ్రులను అక్కడ చేర్చుచున్నవి. అది తప్పని నేననను. చూచుకొనువారు లేని ఇంటికంటె మంచి ఆశ్రమము మేలే. అయితే చేర్చిన పిమ్మట మనము చూడవలసినది చాల ఉన్నది.

2020 జనవరిలో హైదరాబాదు శివారున, కీసర దగ్గరి నాగారములో నడుచుచున్న ఒక వృద్ధాశ్రమములోనికి పోలీసులు ప్రవేశించిరి. అక్కడ 70 మందికి పైగా ఇరుకుగా ఉంచబడియుండిరి. వృద్ధులతోపాటు మానసిక రోగులును ఉండిరి. కొందరికి గొలుసులు. చుట్టుపక్కల ఇండ్లవారు లోపలినుండి వచ్చు కేకలు విని చెప్పినందుననే ఆ సంగతి బయటపడినది. బంధువులు ఉన్నవారు, డబ్బు కట్టుచున్నవారు ఎందరో. కాని కేకలు విన్నది పొరుగువారు!

గొలుసు మాట వచ్చినది గనుక తమిళనాడులోని ఏర్వాడిని గూర్చి చెప్పక తప్పదు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అక్కడి మానసిక రోగుల ఆశ్రమపు పాకకు నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టబడినవారు పరుగెత్తలేకపోయిరి. 28 మంది మరణించిరి. దర్గా దగ్గర స్వస్థత దొరకునను నమ్మికతో బంధువులు తెచ్చి విడిచిన మనుష్యులు వారు. ఇది ఇతర మతస్థుల సంగతి అని తోసివేయుటకు వీలులేదు. దయ్యము పట్టినదని మనవారు కూడ రోగులను ప్రార్థన స్థలములకు తీసికొనిపోయి రోజుల తరబడి కట్టివేసి ఉంచుట లేదా? మార్కు సువార్త ఐదవ అధ్యాయములో గెరాసేనుల దేశపు మనుష్యుని సంకెళ్లతో బంధించినది ఊరివారు. ప్రభువు వానికి కొత్త సంకెల వేయలేదు. ఆయన దగ్గర వాడు బట్టలు కట్టుకొని, నెమ్మదిగా కూర్చుండియుండెను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడ రోగిని ఏ విధముగాను గొలుసుతో కట్టరాదని స్పష్టముగా నిషేధించినది. కనుక ఉపవాస ప్రార్థన పేరిట కట్టివేసినను అది నేరమే.

ఇక గుర్తుపట్టుట. హింస అనగానే మనకు కర్ర, చేయి జ్ఞాపకము వచ్చును. అవి ఉన్నవి. రెండు జబ్బల మీద వ్రేళ్ల ఆనవాళ్లవలె కమిలిన మచ్చలు, మణికట్టు చుట్టు గీత, ఒకటి మానకముందే ఇంకొకటి కనబడు దెబ్బ, ప్రతిసారి "బాత్రూములో జారిపడినది" అను ఒకే జవాబు. అయితే దెబ్బలేని హింస దీనికంటె ఎక్కువ. మంచము మీద తడిసిన బట్టతోనే సాయంత్రము వరకు పడియుండుట. నడుము క్రింద, మడమల మీద పుండ్లు. మూత్రమునకు లేపవలసివచ్చునని రాత్రి మంచినీళ్లు ఇయ్యకపోవుట. అల్లరి చేయకుండ పగటిపూట కూడ నిద్రమాత్రలు. కండ్లద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్లు, చేతికర్ర "పోగొట్టునేమో" అని తీసి బీరువాలో పెట్టుట. చేతికర్ర తీసివేసిన మనిషికి గొలుసు అక్కరలేదు గదా!

మనము చూడబోయినప్పుడు ఆ మనిషి ముఖమును చూడవలెను. ఆయా గదిలోనికి రాగానే మాట ఆగిపోవుచున్నదా? మనము అడిగిన ప్రశ్నకు ప్రక్కన నిలిచినవారే జవాబు చెప్పుచున్నారా? ఏకాంతముగా పది నిమిషములు మాటలాడుటకు ఎన్నడును వీలు కలిగించుట లేదా? ముందుగా ఫోను చేసి వచ్చిననే లోపలికి రానిచ్చుచున్నారా? నా అనుభవములో అన్నిటికంటె ఎక్కువ సంగతి చెప్పునది ఈ చివరి ప్రశ్నయే. మంచి ఆశ్రమము చెప్పకుండ వచ్చిన చుట్టమునకు కుర్చీ వేయును.

ఒక జాగ్రత్త కూడ చెప్పవలెను. ముసలివారి చర్మము పలుచన, ఊరక తగిలినను కమలును. రక్తము పలుచబడుటకు మాత్రలు మింగువారికి మరీ సులువుగా కమలును. ఎంత శ్రద్ధగా చూచినను కొందరికి పడక పుండ్లు వచ్చును. ఒక్క మచ్చను చూచి ఒక కోడలిని దోషిగా నిలువబెట్టుట న్యాయము కాదు. రాత్రింబగళ్లు అత్తగారికి సేవచేసి, చేయి పట్టువారు లేక, విసిగి గద్దించిన కోడళ్లు మన సంఘములో ఉన్నారు. వారికి కావలసినది పోలీసు కాదు, వారానికి రెండు పూటలు వచ్చి కూర్చుండు ఇంకొక మనిషి. స్త్రీల మైత్రివారు ఈ పని చేయవచ్చును. కాని అలసట వేరు, క్రూరత్వము వేరు. అలసినవారు సహాయమునకు వచ్చినవారిని ఇంటిలోనికి పిలుచుదురు. దాచవలసినది ఉన్నవారు గడప దగ్గరనే మాటలాడి పంపుదురు.

డబ్బు సంగతి. పింఛను వచ్చిన దినమున వ్రేలిముద్ర వేయించుకొని, డబ్బు తీసికొని, తల్లికి మాత్రకు సైతము ఇయ్యనివారున్నారు. చెవి కమ్మలు మాయమగును. మతిమరుపు ముదిరిన పిమ్మట భూమి రిజిస్ట్రేషను జరుగును. మార్కు ఏడవ అధ్యాయములో ప్రభువు కొర్బాను సంగతి ఎత్తి, దేవునికి అర్పితమని పేరు పెట్టి తల్లిదండ్రులకు రావలసినది ఎగవేయువారిని గద్దించెను. కనుక ఒక వృద్ధురాలు తన చెక్కలన్నిటిని సంఘమునకు వ్రాసినదనిన, ఆమె అన్నము ఎవరు పెట్టుచున్నారో అడుగవలసిన వారిలో పాస్టరేటు కమిటీ మొదటిది.

ఇన్ని జరుగుచుండగా వారెందుకు చెప్పరు? అడగనిదే అమ్మయినా అన్నము పెట్టదందుము. ఇక్కడ అడిగినవారికే శిక్ష. మనము చూచి, ఓదార్చి, ప్రార్థన చేసి సాయంత్రపు బస్సు ఎక్కుదుము. ఆ రాత్రి వారు అదే ఆయా చేతిలో ఉందురు. బయటికి పంపివేసిన పోవుటకు చోటు లేదు. కుమారునికి చెప్పిన కుమారుని సంసారములో కలతలు. "ఇంటి గుట్టు" అని నేర్చిన తరము వారు. కాబట్టి వారి మౌనమును సమ్మతిగా లెక్కింపరాదు.

చెప్పినవారిని వినకపోవుట కూడ ఉన్నది. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరము దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అను ఆసుపత్రి ఉండెను. బుద్ధి ఎదగని పెద్దవారిని అక్కడ ఉంచిరి. ఒక్కొక్కరికి వారమునకు సగటున 3,500 పౌండ్లు ప్రభుత్వ ధనము చెల్లించిరి. అక్కడ పనిచేసిన ఒక నర్సు 2010లో యాజమాన్యమునకును, తనిఖీ సంస్థకును హింసను గూర్చి తెలిపెను. ఏమియు జరుగలేదు. 2011 మే నెలలో బీబీసీవారు రహస్యముగా తీసిన చిత్రము టెలివిజనులో వచ్చిన పిమ్మటనే దేశము మేలుకొన్నది. 11 మంది పనివారు దోషులుగా తేలిరి, వారిలో ఆరుగురు చెరసాలకు పోయిరి. ఎంత ఎక్కువ ఫీజు కట్టితిమి అన్నది భద్రతకు హామీ కాదు. ఆశ్రమపు బోర్డు మీద సిలువ గుర్తు ఉన్నదనుటయు హామీ కాదు.

ఇక మనము చేయవలసినది. ఎవరైన మీతో చెప్పుకొన్నచో నెమ్మదిగా వినండి. "వాడు కొట్టినాడా?" అని జవాబును మీరే నోటిలో పెట్టవద్దు. "ఏమి జరిగినది?" అని అడిగి ఊరకుండండి. "ఎవరికిని చెప్పను" అని ప్రమాణము చేయవద్దు, ఆ మాట నిలుపుకొనలేరు. ఆ రాత్రియే తేదీ, సమయము వేసి, ఆమె మాటలు ఆమె అన్నట్లే వ్రాసిపెట్టుకొనండి. మీ అభిప్రాయము అందులో కలుపవద్దు. అనుమానితుని మీదికి మీరే తగవుకు పోవద్దు, ఆ కోపము తీరునది ఆమె మీదనే. ఊరి పెద్దలను కూర్చోబెట్టి రాజీ చేయుట అంతకంటె చెడ్డది.

పెద్దవారు పసిపిల్లలు కారు. కనుక "మీకేమి కావలెను, పెద్దమ్మా?" అని అడుగవలెను. ఆమెకు బుద్ధి స్థిరముగా ఉండి, "ఇప్పుడు వద్దయ్యా" అన్నచో ఆమె మాటకు విలువ ఉన్నది. మనము మరల మరల పోయి కనిపెట్టవలెను. కాని ప్రాణాపాయమున్నప్పుడు, ఆమెకు తన సంగతి తాను తెలియనప్పుడు, అదే ఇంట ఇంకా పదిమంది అదే చేతులలో ఉన్నప్పుడు, ఆమె వద్దన్నదను కారణముతో మనము ఊరకుండరాదు.

ఎవరికి చెప్పవలెను? ప్రాణము మీదికి వచ్చినప్పుడు 112. వృద్ధుల విషయములో 14567, ఉదయము 8 నుండి రాత్రి 8 వరకు పలుకును, ఖర్చులేదు. దివ్యాంగుల విషయములో 2016 చట్టము 7వ సెక్షను ప్రకారము, అనుమానించుటకు కారణమున్న ఎవరైనను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలుపవచ్చును. మన మండలములో ఆ అధికారము తహసీల్దారుగారిది. రక్తసంబంధము అక్కరలేదు. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము క్రింద ఆర్డీఓగారి ట్రిబ్యునలులో దరఖాస్తు వేయవచ్చును. వకీలు లేకుండనే వాదన జరుగును. వృద్ధుని విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును. చూచుకొందునను షరతు మీద వ్రాయించుకొని పిమ్మట చూడని కుమారుని పేరిట ఉన్న పట్టాను ఆ ట్రిబ్యునలు రద్దు చేయగలదు.

ఆరోపణ మన సంఘపు మనిషి మీదనే వచ్చినయెడల? కమిటీ పెద్ద మీద, లేక నా వంటి గురువు మీద? అప్పుడును పోలీసుకు, మేజిస్ట్రేటుకు చెప్పుట మొదటి పని. బిషప్‌గారి కార్యాలయమునకు తెలుపుట దాని తరువాత, దానికి బదులు కాదు. లోపల విచారించి చూతమని ఆగినయెడల సాక్ష్యము చెరుగును, ఆ వృద్ధుడు వేరొక చోటికి తరలింపబడును. పేరు పోవునను భయము నాకును తెలియును. 1912లో బిషప్ అజరయ్యగారి అభిషేకముతో దోర్నకల్ అధ్యక్ష ఖండము ఆరంభమైనప్పుడు మనకు పేరుమోసిన కట్టడములు లేవు. దోర్నకల్ కెథీడ్రలు ప్రతిష్ఠ 1939లో గాని కాలేదు. ఉన్నది పల్లెపల్లెకు నడిచి, పేదవారి గుడిసెలో కూర్చుండి, వారి మాట విన్న ఉపదేశకులు. అధ్యక్ష ఖండమునకు పేరు తెచ్చినది వారే.

మన పాస్టరేటులో ఒక పుస్తకము పెట్టుదుము. ఆశ్రమములో ఉన్న మనవారు ఎవరు, ఎక్కడ ఉన్నారు, ఎవరు ఏ తేదీన చూచివచ్చిరి, ఏమి గమనించిరి అని అందులో వ్రాయుదుము. ఇద్దరిద్దరుగా, ముందు చెప్పకుండ, నెలకొకసారి పోవుదుము. ఒకరు ఆయాతో మాటలాడుచుండగా రెండవవారు మంచము దగ్గర కూర్చుండవచ్చును. ఆ 14567 అంకెలను దేవాలయపు తలుపు దగ్గర పెద్ద అక్షరములతో వ్రాయింతము. చదువురాని అవ్వలకు ఫోనులో ఆ అయిదు మీటలు నొక్కుట స్త్రీల మైత్రివారు వచ్చే ఆదివారము ఆరాధన అయిన పిమ్మట నేర్పుదురు.